కుడితి తొట్టికి నోటీసు

ఎర్రగుంటపాడులో అన్నం పారేసేవాళ్లు లేరు. అది ఆ ఊరి లోపమని సుస్థిర ఆహార పథకం వారి జీపు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

పలనాటి మెట్టలో ఊరు. రాళ్లు, రాళ్ల మధ్య కంది, మిరప, వాటి మధ్య మనుషులు. గంజి కోసం మైళ్లు నడిచిన ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి, మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని నోట్లో వేసుకునే అలవాటు పోలేదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోస్తే పొద్దున చద్దన్నం. అదీ మిగిలితే పెరటి కుండలోకి పోతుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, పులిసిన పప్పు కూడా అందులోకే. దాని పేరు కుడితి. కుడితి గేదెది. ఇంట్లో గేదె లేకపోతే పక్కింటి గేదెది.

నడివీధిలో గేదె మిగిలింది ఆదెయ్య ఒక్కడికే. పాలు ప్యాకెట్లలో రావడం మొదలయ్యాక తక్కినవాళ్లు అమ్ముకున్నారు. ఆదెయ్యా అమ్మేవాడే, పెళ్లాం నాంచారమ్మ పడనివ్వలేదు. ఆమె పొద్దు వాలగానే చంకన బిందె పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కుడితి పోయించుకొచ్చేది. బదులుగా ఎవరు అడిగినా మజ్జిగ పోసేది. గేదె ఈనినప్పుడు మొదటి జున్ను కుడితి పోసిన ప్రతి ఇంటికీ వెళ్లాలి. సొంతింటివాళ్లు తినేది ఆఖరున. ఈ చట్టం ఎవరూ రాయలేదు. అందుకే ఎవరూ తప్పలేదు.

తొట్టి కడగకుండా కుడితి పోస్తే గేదె మూతి తిప్పుకునేది. అందుకని నాంచారమ్మ దానికి దొరసాని అని పేరు పెట్టింది. ఆ దొరసాని చూడి కట్టిన నెలలోనే నాంచారమ్మ పోయింది. పోయే ముందు మొగుడికి పెద్ద మాటలేం చెప్పలేదు. "వీధికి జున్ను బాకీ ఉంది. ముందు నువ్వు తినేవు" అంది. అంతే.

మర్నాటి నుంచి బిందె ఆదెయ్య చంకకెక్కింది. మగవాడు కుడితి బిందె మోయడమేమిటని కొందరు నవ్వారు. ఆదెయ్య నవ్విన ఇంటి ముందు కూడా ఆగి బిందె చాపాడు.

జీపు వచ్చేనాటికి దొరసాని ఐదు నెలల చూడి.

జీపులోంచి ప్రాజెక్టు అధికారి విఠల్‌నాథ్ దిగాడు. వెనకాల కోఆర్డినేటర్ ప్రణవి అనే పిల్ల దిగింది. బడి వరండాలో సభ పెట్టారు. సర్పంచి నాగేంద్రం దండ వేశాడు. పథకంలో చేరిన ఊరికి సిమెంటు రోడ్డు వస్తుందని ఆయనకు ముందే తెలుసు.

"గ్రామ ప్రజలారా!" అన్నాడు విఠల్‌నాథ్. "భావితరాల ఆహార భద్రత నేడు మీ కంచంలో ఉన్నది. ఉత్పత్తి అవుతున్న ఆహారంలో మూడో వంతు వృథా అవుతున్నదని అధ్యయనాలు ఘోషిస్తున్నవి. మీ గ్రామంలోని వృథాను ఏడాదిలోగా సగానికి తగ్గించుటకు మేము కృతనిశ్చయులమై ఉన్నాము."

జనం చప్పట్లు కొట్టారు. ఇంటికో ఆకుపచ్చ డబ్బా ఇచ్చారు. పారేసే తిండి అందులో వేయాలి, వారం తర్వాత తూకం వేస్తారు.

వారం తర్వాత వచ్చి మూతలు తీశారు. ఒక డబ్బాలో సజ్జలున్నాయి. ఒక డబ్బాలో కోడి పొదిగింది, అధికారిని చూసి ముక్కుతో పొడవబోయింది. ఆదెయ్య పక్కింటి వీరాయమ్మ డబ్బా తళతళలాడుతోంది. పచ్చడి మామిడికాయలు వచ్చే వేళకి పనికొస్తుందని కడిగి ఎండబెట్టింది.

"వృథా ఎక్కడమ్మా?" అన్నాడు విఠల్‌నాథ్.

"లేదండీ."

"లేకపోవడానికి వీల్లేదు. రాష్ట్ర సగటు ఉంది."

"ఉంటే ఉండనీండి. మా ఇంట్లో లేదు."

విఠల్‌నాథ్ ప్రణవి వైపు తిరిగాడు. "సున్నాలో సగం ఎంత?"

ఆ పిల్ల ఫోనులో లెక్క చూసింది. "సున్నానే సార్."

"మరి మనం సాధించేదేమిటి?"

ఆ ప్రశ్నలోంచి పుట్టిందే 'ప్రాథమిక వృథా నిర్మాణ దశ'. తగ్గించాలంటే ముందు ఉండాలి. ఉండాలంటే చెయ్యాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాబట్టి ఎవరూ పట్టలేదు.

మళ్లీ బడి వరండాలోనే శిక్షణ. ఆడా మగా వరసగా కూచున్నారు. విస్తళ్లలో వేడివేడి అన్నం, దోసకాయ పప్పు వడ్డించారు. ప్రణవి మైకు పట్టుకుని చెప్పింది. "ముద్ద కలపండి. నోటి దాకా తీసుకెళ్లండి. ఇప్పుడు భావితరాలను తలుచుకుని ఆపండి."

జనం ముద్ద నోటి దాకా తీసుకెళ్లారు. తలుచుకున్నారు. తినేశారు.

"ఆపమన్నాను గదా మామ్మా!" అంది ప్రణవి ఒక ముసలమ్మతో.

"తలుచుకున్నానమ్మాయ్. నా మనవలు గుర్తొచ్చారు. ఆళ్ల పేరు చెప్పి ఇంకో ముద్ద తిన్నా."

ఊరు మొదటి పరీక్షలో తప్పింది. నాగేంద్రం ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. "పారెయ్యండమ్మా, మీకు దణ్ణం పెడతా. నాలుగు మెతుకులకి రోడ్డు పోగొట్టుకుంటామా?" మొహమాటపడి జనం రెండింతలు వండడం మొదలుపెట్టారు. చద్దన్నం నేరమైంది. అయినా డబ్బాలు నిండలేదు. అలవాటున చేతులు పెరటి కుండ వైపే పోతున్నాయి.

"ఎక్కడో లీకేజీ ఉంది" అన్నాడు విఠల్‌నాథ్.

ఆ సాయంత్రం బిందెతో పోతున్న ఆదెయ్య వెంట పడి విఠల్‌నాథ్, ప్రణవి కొట్టం దాకా వచ్చారు. దొరసాని తొట్టిలో మూతి పెట్టి సుర్రున పీలుస్తోంది.

"దీనికి అనుమతి ఉందా?" అన్నాడు విఠల్‌నాథ్.

"దేనికి?"

"ఈ యూనిట్‌కి."

ఆదెయ్య వెనక్కి తిరిగి చూశాడు. "అది గేదె."

"రోజువారీ ప్రాసెసింగ్ సామర్థ్యం ఎంత?"

"పోసినంత తాగుద్ది."

"ఉద్గారాలు?"

"ఏందయి?"

ప్రణవి మొహమాటంగా చెప్పింది. "అంటే... గ్యాసు, తాతా."

"ఉంటై. మీకుండవా?" అన్నాడు ఆదెయ్య.

మర్నాడు నోటీసు వచ్చింది. అనధికార వ్యర్థ శుద్ధి యూనిట్‌ను తక్షణం నిలిపివేయాలని, నోటీసును యూనిట్ మీద స్పష్టంగా కనిపించేలా అతికించాలని ఉత్తర్వు. బంట్రోతు మైదా జిగురు రాసి దొరసాని డొక్క మీద అతికించాడు. మైదా దానికి కొత్త రుచి. మెడ తిప్పి నాలుగు నాకుళ్లలో జిగురుతో పాటు నోటీసును కూడా లోపలికి తీసుకుంది. ప్రభుత్వ పత్రాన్ని ధ్వంసం చేసినందుకు రెండో నోటీసు వచ్చింది. దాన్ని ఈసారి తొట్టికి అతికించారు.

ఇక ఎవరూ కుడితి పోయడానికి లేదు. ఇంటి ముందుకొచ్చి ఆగిన ఆదెయ్యను చూసి జనం తలుపు ఓరగా వేసుకున్నారు. డబ్బాలు నిండాయి, పొంగాయి. ఈగలు లేచాయి, పక్క ఊళ్ల కుక్కలు కాపురానికొచ్చాయి. ఊళ్లోకి అడుగు పెడుతూనే విఠల్‌నాథ్ గుండెల నిండా గాలి పీల్చి "అద్భుతం!" అన్నాడు. "ఈ త్రైమాసికంలో వృథాలో మండలానికే ప్రథమ స్థానం. ఇంత వేగవంతమైన వృద్ధి నేను నా సర్వీసులో చూడలేదు."

ఉత్తమ వృథాదారుగా వీరాయమ్మకు సన్మానం చేశారు. శాలువా కప్పి ఫొటో తీసి పేపరుకిచ్చారు. ఆమె శాలువాతోనే ఆదెయ్య అరుగు మీదికొచ్చి కూలబడింది.

"అన్నం పారేసే ఆడదని మైకులో చెప్పారు బావా. నేనింక పుట్టింటికి ఏ మొహం పెట్టుకుని పోనూ?"

"శాలువా మొహం మీదికి లాక్కుని పో" అన్నాడు ఆదెయ్య.

ఆమె నవ్వలేదు. కొట్టంలోకి చూసింది. ఎండిన చొప్ప తప్ప ఏమీ లేక దొరసాని డొక్కలు లోపలికి పోయాయి. కడుపు మాత్రం కిందికి జారింది.

"చూడిగొడ్డు బావా. ఇట్టా ఎండబెడితే ఈనుద్దా?"

"నన్నడుగుతావేం. సన్మానం చేసినోళ్లనడుగు."

మర్నాడు వీరాయమ్మ తడిబట్టల తట్ట కింద గంజి గిన్నె పెట్టుకుని ఆదెయ్య దొడ్లోకి పోతుంటే నాగేంద్రం పట్టుకున్నాడు.

"నువ్వే ఇట్టా చేస్తే ఎట్టా వదినా? రోడ్డు రావద్దా?"

"రోడ్డేసుకుని దాని మీద వండుకు తిందామా?" అంది. కానీ గంజి డబ్బాలోనే పోసింది. పట్టుబడినవాళ్ల ఇంటికి కరెంటు తీసేస్తారని అప్పటికే పుకారు.

ఊరు కావలసినంత పారేశాక రెండో దశ వచ్చింది. దాని పేరు 'వృథా విముక్తి'. ఒక లారీ మీద ఆహార పునరుజ్జీవన యంత్రం దిగింది. ఒక వైపు వ్యర్థం వేస్తే రెండో వైపు పోషక పదార్థం వస్తుందట. దాన్ని ఆదెయ్య కొట్టం గోడకానించి పెట్టారు, ఒక పక్క గోడ కట్టే పని తప్పుతుందని. రిబ్బను కత్తిరించి టెంకాయ కొట్టారు. యంత్రం మూలిగింది, నమిలింది, నల్లటి ద్రవమొకటి కక్కి ఊరుకుంది. ఆ వాసనకు కాపురానికొచ్చిన కుక్కలు పుట్టిళ్లకు పోయాయి.

అది ఏ దేశంలోనో రొట్టె ముక్కలు నమలడానికి చేసిన యంత్రం. గోంగూర పీచు, మునక్కాయ పిప్పి దాని పళ్ల సందున ఇరుక్కున్నాయి. బాగుచేసేవాడు ఆ దేశం నుంచే రావాలన్నారు. రాజధాని నుంచి తనిఖీ కమిటీ మాత్రం వచ్చే నెలే వస్తోంది.

విఠల్‌నాథ్ మొహం మాడిన పెనంలా అయింది. అప్పుడు నాగేంద్రం ఆయన చెవిలో ఒక మాట వేశాడు. గోడ అవతల దొరసాని ఉంది. గోడకు కన్నం పెట్టి యంత్రం నోట్లో వేసింది గొట్టం గుండా తొట్టిలో పడేలా చేస్తే సరి.

"అది నిబంధనలకు విరుద్ధం" అన్నాడు విఠల్‌నాథ్.

"కమిటీ వచ్చే నెలేనండీ."

విఠల్‌నాథ్ ఆలోచించాడు. "నిబంధనల స్ఫూర్తికి విరుద్ధం కాదు."

ఇద్దరూ ఆదెయ్య దగ్గరికి వచ్చారు. ఆదెయ్య అంతా విని ఒక్కటే అడిగాడు. "మరి నోటీసు సంగతేంది?"

"అది యూనిట్‌కు జారీ చేసిన నోటీసు. నేటి నుంచి ఇది యూనిట్ కాదు. యంత్రంలో అంతర్భాగం. మీరు ఆపరేటర్."

"తొట్టి రోజూ కడగాలి. లేకపోతే తాగదు."

"అది మెయింటెనెన్సు కిందికి వస్తుంది" అన్నాడు విఠల్‌నాథ్ గంభీరంగా.

ఆ విధంగా ఊరి కుడితి మళ్లీ దొరసానికే చేరింది. ఇదివరకు బిందెలో వచ్చేది, ఇప్పుడు రాజముద్ర వేసిన యంత్రం నోట్లోంచి వస్తోంది. దొరసాని డొక్కలు పూడాయి. ఊళ్లో వృథా సున్నాకు పడింది. జీపు రాక ముందు ఉన్న చోటికే వచ్చింది కాబట్టి దాన్ని నూరు శాతం విజయమన్నారు.

కమిటీ వచ్చే రోజు తెల్లవారుతూండగా దొరసాని ఈనింది. పెయ్యదూడ. దూడ కడుపు నిండా తాగాక ఆదెయ్య మొదటి పాలు పితికి వీరాయమ్మకిచ్చాడు. పసుపు పచ్చని చిక్కటి పాలు. ఆమె బెల్లం, మిరియాలు, యాలకులు వేసి పెద్ద గిన్నెలో ఆదెయ్య దొడ్లోనే జున్ను వండింది. దించి చల్లారబెట్టి, వీధిలో ఎన్ని ఇళ్లో వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ ఉండగానే నాలుగు కార్లు వచ్చి ఆగాయి.

చైర్మన్ గారు పెద్దాయన. కోటు వేసుకుని, చెమటలు కక్కుతూ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. వెంట ఉన్న సభ్యులూ తిరిగారు.

"ఇన్‌పుట్ చూశాము. ఔట్‌పుట్ ఏది?" అన్నాడు.

విఠల్‌నాథ్ అటు చూశాడు, ఇటు చూశాడు. తొట్టి చూశాడు, పేడ చూశాడు. గోడవతల అరుగు మీద వీరాయమ్మ పట్టుకున్న గిన్నె కనిపించింది. రెండంగల్లో వెళ్లి, ఆమె చేతుల్లోంచి లాక్కున్నంత పని చేసి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పునరుత్పాదిత పోషక ఘనపదార్థం సార్."

చైర్మన్ చెంచాతో కొసరి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "వ్యర్థం నుంచి ఇంత రుచా! మరి ఈ పరిమళం?"

"వ్యర్థంలో నిగూఢంగా ఉన్న సహజ సుగంధాలు సార్. యంత్రం వాటిని వెలికి తీస్తుంది."

ఆదెయ్య ముందుకు వచ్చాడు. "అది వీధిది" అన్నాడు.

"ఎవరితను?"

"యంత్రం ఆపరేటర్ సార్. భావోద్వేగానికి లోనయ్యాడు."

చైర్మన్ ఆదెయ్య భుజం తట్టి మరో కప్పు పెట్టించుకున్నాడు. సభ్యులు తిన్నారు. వాళ్ల వెంట వచ్చినవాళ్లు తిన్నారు. ఆఖరున డ్రైవర్లు గిన్నె వంచి గీక్కుని తిన్నారు. గోడ పక్కన కప్పులు పట్టుకుని నిలబడ్డ వీధి ఆడవాళ్లు కప్పులు కొంగుల కింద దాచుకుని వెళ్లిపోయారు. వీరాయమ్మ ఖాళీ గిన్నె తీసుకుంది. ఆదెయ్య మొహంలోకి చూడలేకపోయింది.

చైర్మన్ గారు అక్కడికక్కడే మూడు ఉత్తర్వులు వేశాడు. ఇలాంటి యంత్రాలు మూడు జిల్లాలకు కొనాలి. ఈ యంత్రం ఔట్‌పుట్ మొత్తం రేపటి నుంచి రాజధానికి పంపాలి. యంత్రమే ఇంత పని చేస్తున్నప్పుడు ఉద్గారాలు వదిలే పశువులు గ్రామంలో అనవసరం, తరలించాలి.

మూడో ఉత్తర్వు విన్న విఠల్‌నాథ్ కలం పట్టాడు. ఆ సాయంత్రమే దొరసాని పశువుల లెక్కలోంచి తొలగి యంత్రపు విడిభాగాల లెక్కలో చేరింది. దూడను అదనపు విడిభాగంగా చూపించారు.

రెండో రోజు ప్రణవిని దొడ్డి వాకిట్లో కాపలా కూచోబెట్టారు. యంత్రం తయారుచేసిన పోషక పదార్థం ఒక్క చెంచా బయటికి పోకూడదు. వ్యర్థం మాత్రం ఎటైనా పోవచ్చు.

ఆ రోజు కూడా జున్నుపాలే, కాస్త పల్చన. ఆదెయ్య చింతపండు, బూడిద వేసి నాంచారమ్మ కుడితి బిందెను లోపలా బయటా మూడు మార్లు తోమాడు. వీరాయమ్మ వండింది. రాజధాని క్యానులో అడుగు తడిసేంత జున్ను వేసి, తక్కినదంతా బిందెలో పెట్టి, పైన అరిటాకు కప్పారు. ఆదెయ్య బిందె చంకనెత్తుకుని వాకిట్లోకి వచ్చాడు.

"ఏంటి తాతా అది?"

"కుడితి."

"కుడితి లోపలికి కదా రావాలి. బయటికి పోతోందేం?"

"ఇయ్యాళ దొరసాని మిగిల్చింది."

ప్రణవి బిందె వైపు చూసింది. యాలకుల వాసన ఆమె ముక్కుకు తగిలిందో లేదో ఆదెయ్యకు తెలియదు. ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. "వ్యర్థమే అయితే పోనీండి. కానీ తూకం వెయ్యాలి."

తూకం వేసింది. వృథా కింద రాసుకుంది.

నాంచారమ్మ తిరిగిన వరసలోనే ఆదెయ్య తిరిగాడు. ప్రతి ఇంటి ముందూ ఆగాడు, గరిటెతో తీసి పెట్టాడు. తలుపు ఓరగా వేసుకున్నవాళ్లకూ పెట్టాడు, మొదట్లో నవ్వినవాళ్లకూ పెట్టాడు. ఎవరినీ క్షమించి కాదు. బాకీ బాకీయే. "ఏందన్నా, నిన్న ఆళ్లకంతా పెట్టావంటగా" అని ఒకామె దెప్పింది. ఆదెయ్య ఆమె గిన్నెలో పెట్టాల్సింది పెట్టి పక్కింటికి నడిచాడు.

ఇంటికొచ్చి బిందె అడుగున ఉన్నది గోకి నోట్లో వేసుకున్నాడు. బెల్లం తక్కువైంది. వీరాయమ్మకు ఎన్నేళ్లొచ్చినా బెల్లం పాళ్లు తెలియవు. బిందె కడిగి ఆ నీళ్లు తొట్టిలో పోశాడు. దొరసాని తాగింది.

మరో రెండు రోజులకు దొరసాని పాలు మామూలు పాలయ్యాయి. రాజధాని నుంచి కబురొచ్చింది. ఔట్‌పుట్ గట్టిపడటం లేదేం? విఠల్‌నాథ్ పరిగెత్తుకొచ్చాడు.

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"మళ్లీ ఈనినప్పుడు."

"ఎప్పుడు ఈనుతుంది?"

"ముందు పోతు దాటాలి గదండీ."

విఠల్‌నాథ్ రాజధానికి రాశాడు. 'యంత్రం ప్రస్తుతం విశ్రాంత దశలో ఉన్నది. తదుపరి ఉత్పత్తికి దున్నపోతు ఆవశ్యకమని క్షేత్రస్థాయిలో గుర్తించడమైనది.' పై అధికారులు దీని మీద రెండు సమావేశాలు పెట్టారు. క్షేత్రస్థాయి అనుభవాన్ని గౌరవించాలని తీర్మానించారు. మూడు జిల్లాల్లోని యంత్రాలకూ తలా ఒక దున్నపోతు సరఫరాకు టెండర్లు పిలిచారు.

ఆ ఊళ్లలో గోడ వెనక గేదె లేదు. యంత్రం ముందు దున్నపోతును కట్టేసి, అధికారులు కుర్చీలు వేసుకుని ఎదురుచూశారు.

ఎర్రగుంటపాడుకు రోడ్డు వచ్చింది. ఊరి మొదటి నుంచి యంత్రం దాకా. అక్కణ్నించి వెనక్కి రావడమే.

ఏడాది తిరిగాక విఠల్‌నాథ్, ప్రణవి తుది లెక్క కోసం వచ్చారు. ఆదెయ్య తొట్టి కడుగుతున్నాడు.

"తాతా," అంది ప్రణవి, "ఈ ఏడాది ఊళ్లో నిజంగా వృథా అయిన తిండి ఎంతంటావు?"

"ఒక గిన్నెడు."

"డబ్బాల్లో కుళ్లింది బోలెడుంది కదా!"

"అది కుక్కలు తిన్నై, పందులు తిన్నై, పురుగులు తిన్నై. ఏదో ఒకటి బతికింది." ఆదెయ్య తలెత్తలేదు. "మీ కమిటీ తిన్నది ఒక గిన్నెడు జున్ను. అదొక్కటే వృథా."

విఠల్‌నాథ్‌కు రెండో మాట వినబడలేదు. 'ఒక గిన్నెడు' దగ్గరే ఆయన మొహం వెలిగింది. ఏడాదికి చేతికి దొరికిన, కరిగిపోని అంకె అది.

"చూశారా, ఎట్టకేలకు ఒక ప్రాతిపదిక ఏర్పడింది! మాటిస్తున్నాను పెద్దాయనా, వచ్చే ఏడాదికి ఈ వృథాను సగానికి తగ్గిస్తాం."

ఆదెయ్య తొట్టి వంచి మురికి నీళ్లు పారబోశాడు.

"అంటే," అన్నాడు, "సగం మందే వస్తారా?"